కోచ్‌ల లెక్క తేలేదాకా: క్రీడా శాఖ ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు నుంచి నా అనుభవం

రాష్ట్రం మొత్తం మీద ఈత కోచ్‌లు ఎంతమంది ఉన్నారని రివ్యూ మీటింగ్‌లో డైరెక్టర్ గారు అడిగితే, మూడు సెక్షన్లు మూడు లెక్కలు చెప్పాయి. అందరూ కాగితం చూసే చెప్పారు, ఎవరిదీ అబద్ధం కాదు. ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్లం మంజూరైన పోస్టుల్లో పనిచేస్తున్న వాళ్లని లెక్కపెట్టాం. అకౌంట్స్ వాళ్లు డబ్బు ఎవరెవరికి వెళ్తోందో చూశారు. టెక్నికల్ విభాగం వాళ్లు జిల్లాలకు ఫోన్ చేసి, పొద్దున పూల్ దగ్గర ఎవరుంటున్నారో కనుక్కున్నారు. ఆ తర్వాత కొద్దిరోజులకే శాఖలో ఆన్‌లైన్ మానవ వనరుల వ్యవస్థ తేవాలని నిర్ణయం జరిగింది. ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంట్‌ని కాబట్టి ఆ కమిటీలో నా పేరూ పడింది. ఉన్న సీటు పని ఉండగానే ఇంకో పని. ప్రభుత్వంలో కమిటీ అంటే అంతే.

క్రీడలు రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి, 33వ అంశం. జిల్లా స్టేడియంలో తెల్లవారకముందే విజిల్ పట్టుకుని నిలబడే మనిషి బాగోగులు చూడాల్సింది రాష్ట్ర శాఖే. 2025లో జాతీయ క్రీడా పరిపాలన చట్టం వచ్చినప్పుడు మా ఆఫీసులో కొందరు ఇక అంతా మారిపోతుందన్నారు. అది ప్రధానంగా జాతీయ సమాఖ్యలు, వాటి ఎన్నికలు, వివాదాల సంగతి చూసే చట్టం. జిల్లా కోచ్ ఇంక్రిమెంట్ ఎందుకు ఆగిందో దాన్ని అడిగి లాభం లేదు.

లెక్క తేలకపోవడానికి అసలు కారణం జీతాలు. రెగ్యులర్ కోచ్‌కి ట్రెజరీ నుంచి వస్తుంది. కాంట్రాక్టు కోచ్‌కి శాఖ కింద ఉన్న సొసైటీ ఖాతా నుంచి, అవుట్‌సోర్సింగ్ కోచ్‌కి ఏజెన్సీ ద్వారా. పార్ట్‌టైమ్ వాళ్లకి జిల్లా కమిటీ గౌరవ వేతనం ఇస్తుంది. ఖేలో ఇండియా కేంద్రాల్లో శిక్షణ ఇచ్చే మాజీ ఛాంపియన్లకు కేంద్రం గ్రాంటు. వీళ్లు గాక డిప్యుటేషన్ మీద వచ్చిన పీఈటీలు: మనిషి మా గ్రౌండ్‌లో, జీతం విద్యాశాఖలో. ఒక దారిలో డబ్బు ఇచ్చే గుమాస్తాకి ఇంకో దారి కనిపించదు. అందుకని జిల్లాల నుంచి జాబితాలు తెప్పించుకోవడం మానేసి, ఒకే నెలకి సంబంధించిన అన్ని రకాల బిల్లులూ ఒక బల్ల మీద పెట్టమన్నాం. జాబితాలో పేరు మర్చిపోవచ్చు, బిల్లులో ఎవరూ మర్చిపోరు. ఒకే మనిషి రెండు చోట్ల కనిపించిన సందర్భాలూ తేలాయి. వాటిలో చాలావరకు నిజాయితీగా జరిగినవే: పొద్దున ఒక కేంద్రం, సాయంత్రం ఇంకో కేంద్రం. అన్నీ అలాంటివేనని చెప్పలేను.

తర్వాత అర్హతల గొడవ. పటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థని అందరం ఎన్‌ఐఎస్ అంటాం. అక్కడ ఏడాది డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. జిల్లాల నుంచి వచ్చిన ఫారాల్లో రెండిటికీ "ఎన్‌ఐఎస్" అనే రాసి పంపారు. పదోన్నతి దగ్గరికి వచ్చేసరికి రెండిటికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. అందుకే ఏ కోర్సు, ఏ ఆట, ఏ సంవత్సరం అని విడివిడిగా అడిగాం. సర్టిఫికెట్ జత చేయకపోతే ఫారం ముందుకు కదలకుండా పెట్టాం.

సర్వీసు రిజిస్టర్ల స్కానింగ్ గురించి ఎక్కువ చెప్పను. ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన ఎవరికైనా తెలుసు: అట్టలు ఊడిన పుస్తకాలు, ఎంట్రీ ఉంటే సంతకం ఉండదు, సంతకం ఉంటే తేదీ ఉండదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, టెన్త్ సర్టిఫికెట్‌లో వెనక.

నాకు ముఖ్యంగా చెప్పాలనిపించేది దాని తర్వాత వచ్చిన వాదన. సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ వాళ్లు లాగిన్ మూడు స్థాయిలకే ఇద్దామన్నారు: ప్రధాన కార్యాలయం, జిల్లా క్రీడాధికారి, జీతాల బిల్లు పెట్టే డీడీఓ. కోచ్‌లకి హాజరు యాప్ ఒక్కటి చాలన్నారు. కమిటీలో సగం మంది సరేనన్నారు కూడా. తన రికార్డు తాను చూసుకోలేని ఉద్యోగి గురించి మనం సేకరించే సమాచారంలో తప్పులు ఎవరు పడతారని నేను అడిగాను. "వాళ్లకి చూపిస్తే అర్జీలు మొదలవుతాయి" అన్నారొకరు. మొదలవ్వాలి కదా! రిజిస్టర్ బీరువాలో ఉన్నంతకాలం అందులోని తప్పు పదవీ విరమణ రోజున బయటపడుతుంది. పెన్షన్ ఫైలు ఆగాక ఆ మనిషి మా సెక్షన్ చుట్టూ తిరుగుతాడు. అదేదో ఇప్పుడే తేలిపోతే మాకే పని తగ్గుతుందని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ప్రతి కోచ్‌కీ తన పేజీ కనిపించేలా పెట్టారు. తప్పుంటే అభ్యంతరం రాయొచ్చు, కాగితం జత చేయొచ్చు. జిల్లా అధికారి గడువులోగా ఏదో ఒకటి తేల్చకపోతే అది దానంతటదే పై అధికారికి వెళ్తుంది.

పేజీలు తెరిచాక అభ్యంతరాలు వెల్లువెత్తాయి. వాటిలో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. ఒక సీనియర్ కోచ్, ఆవిడ ఏళ్ల తరబడి అథ్లెటిక్స్ నేర్పుతున్నారు. సర్వీసు రిజిస్టర్‌లో విద్యార్హతల దగ్గర "ఎన్‌ఐఎస్ డిప్లొమా" అని మాత్రమే ఉంది, ఏ ఆట అన్నది లేదు. ఆవిడ అప్‌లోడ్ చేసిన సర్టిఫికెట్ తెరిచి చూస్తే హాకీ. చేరిన రోజుల్లో హాకీ పోస్టు ఖాళీ లేక, అథ్లెటిక్స్ ఖాళీలో "తాత్కాలికంగా" సర్దుబాటు చేశారు. ఆ ఉత్తర్వు రెండు పేజీల తర్వాత అంటించి ఉంది, జిగురు ఆరిపోయి ఒక పక్క లేచిపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి అధికారీ పోస్టు పేరు చూసి ఆవిడ అథ్లెటిక్స్ కోచే అనుకున్నారు. అదే సమయంలో పక్క జిల్లాలో కొత్త హాకీ టర్ఫ్ వేసి, కోచ్ దొరకలేదని ప్రకటన ఇవ్వబోతున్నాం. ఫోన్ చేసి, మేడమ్, ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదేమని అడిగితే, "ఎవరైనా అడిగితే కదా సార్" అన్నారు.

హాజరు యాప్ మాత్రం మొదట్లో అందరినీ ఏడిపించింది. అది ఆఫీసు ఉద్యోగుల కోసం తయారైన సరుకు. పొద్దున ఒకసారి ముఖం చూపించి లోపలికి, సాయంత్రం చూపించి బయటికి. కోచ్ రోజు అలా ఉండదు. సూర్యుడు రాకముందు ఒక విడత, బడి వదిలాక ఇంకో విడత. మధ్యలో ఆరేడు గంటలు గ్రౌండ్ ఖాళీ. యాప్ లెక్కలో ఆ మనిషి పొద్దున వచ్చి మధ్యలో పారిపోయి సాయంత్రం మళ్లీ వచ్చినట్టు! జియో ఫెన్స్, అంటే ఫోన్ ఉన్నచోటుని బట్టి హాజరు ఒప్పుకునే హద్దు, దాని సంగతి ఇంకా విచిత్రం. ఆఫీసు గదిని కేంద్రంగా పెట్టి వంద మీటర్ల వలయం గీశారు. 400 మీటర్ల ట్రాక్ ఈ చివర నుంచి ఆ చివరికి సుమారు 177 మీటర్లు ఉంటుంది. మా జిల్లా స్టేడియాల్లో ఆఫీసు గది ఎక్కువగా గ్యాలరీ కింద ఒక మూలన ఉంటుంది. అవతలి మలుపు దగ్గర రిలే బ్యాటన్ మార్చడం నేర్పుతున్న కోచ్ యాప్ ప్రకారం డ్యూటీలో లేడు. సైక్లింగ్ కోచ్‌ల సంగతి అడగొద్దు.

టీమ్‌తో పోటీలకు వెళ్లినప్పుడు ఇంకో టెన్షన్. ఓడీ (ఆన్ డ్యూటీ) కాగితం పెట్టాలి, అది జిల్లాలో సంతకమై పైకి రావాలి, ఈలోపు యాప్ గైర్హాజరు వేసేస్తుంది, నెలాఖరుకి జీతం కోత. దీనికి పరిష్కారం తేలిగ్గానే దొరికింది గానీ ఎవరూ ఆలోచించలేదు. పోటీల క్యాలెండర్ మా దగ్గరే ఉంది, టీమ్ మేనేజర్, కోచ్ పేర్లతో ఉత్తర్వు ఇచ్చేదీ మేమే. ఆ ఉత్తర్వు నంబరునే హాజరుకి ముడిపెట్టాం. ఉత్తర్వులో పేరుంటే ఆ రోజులకి ఓడీ దానంతటదే పడుతుంది. వలయం బదులు మైదానం మొత్తం హద్దులు గీశాం, రెండు విడతలకీ నాలుగు నమోదులు పెట్టాం. ఇంత చేశాక నా అభిప్రాయం ఒకటి చెప్తాను, కమిటీలో అందరూ ఒప్పుకోలేదు. హాజరు యాప్ వల్ల రానివాళ్లు కొందరు దొరికారు, నిజమే. కానీ వాళ్లెవరో జిల్లాలో అందరికీ ముందే తెలుసు. తెలిసి కూడా ఊరుకోవడానికి కారణాలు వేరే ఉన్నాయి, వాటిని యాప్ ముట్టుకోలేదు.

పనితీరు మార్కుల దగ్గర అసలు యుద్ధం జరిగింది. మొదటి ముసాయిదాలో అంతా మెడల్సే. జాతీయ స్థాయి స్వర్ణానికి ఇన్ని మార్కులు, రాష్ట్ర స్థాయికి ఇన్ని. చూడ్డానికి చక్కగా ఉంది, కంప్యూటర్ క్షణంలో ర్యాంకులు ఇచ్చేస్తుంది. కోచ్‌లని పిలిచి చూపిస్తే, కుస్తీ నేర్పే ఒక పెద్దాయన ఒకటే ప్రశ్న అడిగారు. "నా దగ్గర మూడేళ్లు తయారైన పిల్లని అకాడమీకి ఎంపిక చేసి తీసుకెళ్లారు. మరుసటేడు మెడల్ కొట్టింది. మార్కులు ఎవరికి సార్?" ముసాయిదా ప్రకారం అకాడమీ కోచ్‌కే. అలాగైతే ఈసారి నుంచి మంచి పిల్లల్ని సెలెక్షన్లకి పంపేదెవరు? తన దగ్గరే దాచుకుంటారు. ఆ పిల్లకి అక్కడ దొరికే హాస్టల్, ఫిజియో, మంచి తిండి ఇక్కడ దొరకవు.

ఇంకో ప్రమాదం ఎవరూ పైకి అనలేదు, అందరి మనసులో ఉంది. వయసు తగ్గించి ఆడించడం మన దేశ క్రీడల్లో పాత జబ్బు. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు అంచనా వేసే పరీక్షలు ఉన్నా, కింది స్థాయి పోటీల్లో ప్రతి పిల్లాడికీ చేసేది లేదు. కోచ్ పదోన్నతిని అండర్-14 మెడల్‌కి కట్టేస్తే, పదహారేళ్ల వాడికి పదమూడేళ్ల సర్టిఫికెట్ తెప్పించమని మనమే చెప్పినట్టు.

చివరికి కుదిరిన పద్ధతిలో మెడల్ ఒక అంశం మాత్రమే, అదీ చిన్నది. పిల్లలు ఏడాది పొడవునా వస్తున్నారా, మధ్యలో మానేస్తున్నారా? ఆడపిల్లలు పదమూడు పద్నాలుగేళ్లు దాటాక కూడా నిలుస్తున్నారా? ఇది నేను పట్టుబట్టి పెట్టించింది, చాలా కేంద్రాల్లో ఆ వయసు దగ్గరే పట్టిక ఖాళీ అవుతోంది. ప్రథమ చికిత్స శిక్షణ చెల్లుబాటులో ఉందా? పై స్థాయికి పిల్లని పంపితే పంపిన కోచ్‌కీ, తీసుకున్న కోచ్‌కీ ఇద్దరికీ గుర్తింపు. ఇవన్నీ లెక్కకి అందేవి. అందనివాటికి జిల్లా అధికారి రాసే అభిప్రాయం ఉంది. దాన్ని కోచ్ చదవొచ్చు, జవాబు రాయొచ్చు. అభిప్రాయంలో పక్షపాతం ఉంటుందని కంపెనీ వాళ్లు భయపెట్టారు. ఉంటుంది. పాత గోప్య నివేదికల్లోనూ ఉండేది, కాకపోతే అప్పుడు కనిపించేది కాదు.

ఈ పని మొత్తంలో ఒక్కటి మిగిలితే చాలనిపించేది పోస్టింగుల పట్టిక. నిలువుగా జిల్లాలు, అడ్డంగా ఆటలు. ప్రతి గడిలో మూడు అంకెలు: కోచ్‌లు, సదుపాయాలు, రోజూ వచ్చే పిల్లలు. కోచ్‌ల లెక్క మా దగ్గర, కోర్టులూ పూల్స్ లెక్క ఇంజినీరింగ్ విభాగం దగ్గర, పిల్లల లెక్క జిల్లాల దగ్గర. మూడూ ఒక కాగితం మీద ఎప్పుడూ కలవలేదు. కలిపి చూసిన రోజు మీటింగ్‌లో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. పూల్ ఉన్నచోట కోచ్ లేడు. జిమ్నాస్టిక్స్ కోచ్ ఉన్న జిల్లాలో పరికరాలు విప్పకుండా స్టోర్ రూమ్‌లో ఉన్నాయి, ఆయన పిల్లలతో వ్యాయామం చేయిస్తున్నారు. ఎక్కువ మంది పిల్లలు వాలీబాల్ ఆడే జిల్లాకి వాలీబాల్ పోస్టే మంజూరు కాలేదు. కొత్త ఉద్యోగాలు అడగకుండానే, ఉన్నవాళ్లని అటూ ఇటూ మారిస్తే తీరే సమస్యలు సగం దాకా ఉన్నాయి.

అలా మార్చడం మాటలు కాదు. టీచర్ల బదిలీల్లో వెబ్ కౌన్సెలింగ్ చూసినవాళ్లం కాబట్టి, ఖాళీలన్నీ ముందే అందరికీ కనిపించేలా పెట్టి, సర్వీసు, కుటుంబ కారణాలకు పాయింట్లు ఇచ్చి, ఆప్షన్లు పెట్టుకోమందామని ప్రతిపాదించాం. కోచ్‌ల సంఘం వెంటనే ఒప్పుకుంది. ఖాళీలు కనిపించడమే కొందరు అధికారులకి నచ్చలేదు, ఎందుకో నేను రాయక్కర్లేదు. పైనుంచి ఒత్తిడి తేవడం ప్రవర్తనా నియమాల ప్రకారం తప్పే కాబట్టి, బదిలీ కోసం వచ్చే ప్రతి సిఫార్సు లేఖనీ స్కాన్ చేసి ఆ ఉద్యోగి పేజీకి జత చేయాలని నేనొక క్లాజ్ రాశాను. ఆ క్లాజ్ పైకి వెళ్లింది, తిరిగి రాలేదు. మిగతాది ఆమోదమైంది. హాకీ డిప్లొమా ఉన్న ఆవిడ మొదటి విడతలోనే టర్ఫ్ ఉన్న జిల్లాకి వెళ్లారు.

పిల్లల భద్రత విషయంలో మాత్రం నేను రాజీపడలేదు. ఫిర్యాదు వస్తే కోచ్‌ని ఇంకో జిల్లాకి మార్చేసి చేతులు దులుపుకోవడం అన్నిచోట్లా జరిగేదే. కొత్త జిల్లా అధికారికి ఆ చరిత్ర తెలియదు, అక్కడి పిల్లల తల్లిదండ్రులకి అసలే తెలియదు. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం పని ప్రదేశం అంటే ఏమిటో చెప్తూ స్టేడియాలు, క్రీడా సంస్థలు, పోటీ వేదికలు అని పేరుపెట్టి మరీ చెప్పింది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. శాఖాపరమైన విచారణ అయ్యాక చూద్దామనే వెసులుబాటు లేదు. వ్యవస్థలో మేం చేసింది రెండు పనులు. పోలీసు వెరిఫికేషన్ తేదీ లేకపోతే పోస్టింగ్ ఉత్తర్వు జనరేట్ కాదు, అది పార్ట్‌టైమ్ కోచ్ అయినా సరే. విచారణ పెండింగ్‌లో ఉంటే ఆ గుర్తు బదిలీతో పాటు వెళ్తుంది, కొత్త అధికారి దాన్ని చూశానని నమోదు చేశాకే జాయినింగ్ రిపోర్టు తీసుకోగలరు. ఫిర్యాదు చేసిన పిల్ల పేరు మాత్రం అంతర్గత కమిటీ తప్ప ఎవరికీ కనిపించదు. అన్యాయంగా ఆరోపణ వచ్చినవాళ్ల గతేమిటని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. విచారణ ముగిసి తప్పు లేదని తేలితే గుర్తు పోతుంది, ఆ ఉత్తర్వు కోచ్ పేజీలో ఉంటుంది. విచారణలు గడువులో ముగిస్తే ఈ బాధ సగం తగ్గుతుంది.

దీనికి పక్కనే ఇంకోటి. రోజూ శిక్షణ జరిగినట్టు పిల్లలతో ఫొటో తీసి పెట్టాలని యాప్‌లో ఉండేది. ఈత దుస్తుల్లో ఉన్న పిల్లల ఫొటోలు రోజూ సర్వర్‌లోకి! 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుందని చెప్పి తీయించేశాం. చట్టం లేకపోయినా తీయించాల్సిందే అనుకోండి.

ఇక తేలని ముడి కాంట్రాక్టు కోచ్‌లది. ఏటా ఒప్పందం పునరుద్ధరిస్తారు, మధ్యలో ఒకటి రెండు రోజుల బ్రేక్ చూపిస్తారు. ఎప్పుడు రెగ్యులరైజేషన్ ఫైలు కదిలినా నోట్‌లో మొదటి పేరా ఉమాదేవి కేసే: 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు. దొడ్డిదారి నియామకాలని క్రమబద్ధం చేయకూడదని అది చెప్పిన మాట నిజమే. 2024 డిసెంబర్‌లో కేంద్ర జల సంఘంలో దశాబ్దాలుగా పనిచేసిన సఫాయీ కార్మికులు, తోటమాలి కేసులో అదే సుప్రీంకోర్టు, ఉమాదేవి తీర్పుని అడ్డం పెట్టుకుని ఏళ్ల తరబడి పని చేయించుకున్నవాళ్లని కాదనకూడదని కూడా చెప్పింది. మా ఫైళ్లలో మొదటిదే ఉంటుంది, రెండోదాన్ని నేను ఒక నోట్‌లో కలిపాను.

సమస్య ఎక్కడొచ్చిందంటే, కొత్త వ్యవస్థ జీతం బిల్లుల మీద నడుస్తుంది కాబట్టి ఎవరు ఎంతకాలం పనిచేశారో దానంతటదే లెక్కవేస్తుంది. కాగితం మీద బ్రేక్ ఉన్న రోజుల్లో కూడా కోచ్ గ్రౌండ్‌లో ఉన్నాడని హాజరు చెప్తుంది. "మొత్తం సర్వీసు" అనే గడి చూసి లీగల్ సెక్షన్ వాళ్లు ఉలిక్కిపడ్డారు. రేపు ఇదే ప్రింట్ తీసుకుని కోర్టుకి వెళ్తారు, ఆ గడి తీసేయండి అన్నారు. మేం లెక్క మార్చలేం, చూపించాలో వద్దో మీరే ఉత్తర్వు ఇవ్వండి అని నేను ఫైలు మీద రాశాను. ఫైలు ఇప్పటికీ అటూ ఇటూ తిరుగుతోంది. ఉత్తర్వు రానంతవరకు గడి అలాగే ఉంది. కాంట్రాక్టు కోచ్‌లు లాగిన్ అయి స్క్రీన్‌షాట్లు తీసి దాచుకుంటున్నారని జిల్లాల నుంచి కబురు. అలా తీసుకోకూడదని ఒక సర్క్యులర్ డ్రాఫ్ట్ చేయమని నాకే చెప్పారు. ఏ నియమం కింద వద్దనాలో రాతపూర్వకంగా చెప్పమని తిరిగి పంపాను.